మా నాయన చొక్కా లోపలి జేబు

మా నాయన చొక్కాలకు రెండు జేబులుండేవి. ఒకటి అందరికీ ఉండేదే, ఎదమీద. రెండోది లోపలివైపు, ఎడమ చంక కింద, గుండీతో సహా. చిత్తూరు బజారులో మాకు బట్టలు కుట్టే సాయిబు కొలతలు తీసుకున్న ప్రతిసారీ నవ్వేవాడు. “దీంట్లో ఏం దాస్తావు ఉపదేశీ, దొంగల భయమా?” “దొంగల భయం కాదు సాయిబూ, మా ఇంటిదాని భయం” అనేవాడు నాయన. ఆ మాట వెనక ఒక కథుంది. చెప్తాను, కాస్త ఆగండి.

పై జేబులో జపమాల, నశ్యం డబ్బా, నలిగిన బస్సు టికెట్లు. లోపలి జేబులో మా కతోలిక గుడి కాగితాలు. పెళ్లి చీటీలు, జ్ఞానస్నానం (బాప్తిస్మం) పత్రాలు, ఒక స్వామి ఇంకో స్వామికి రాసిన ఉత్తరాలు, ఎవరికో జబ్బుగా ఉందన్న కబురు, ఏదో గుడి పండుగకు పిలుపు. మా ఊరు బంగారుపాళెం దగ్గర, చిత్తూరు నుంచి బెంగళూరు పోయే రోడ్డుకు రెండు మైళ్ల లోపల. మా విచారణకూ, చుట్టూ ఉన్న రెండు విచారణలకూ నడుమ పోస్టు నడవకపోలేదు. కానీ పోస్టు కంటే నాయన సైకిలే ముందు చేరేది.

విచారణ అనే మాట కతోలికులు కానివాళ్లకు వింతగా ఉంటుంది. ఒక గుడి, దాని కిందుండే ఊళ్లు, వాటన్నిటినీ చూసుకునే గురువు, అంతా కలిపి ఒక విచారణ. ఆయన విచారణ గురువు. మా నోట్లో మాత్రం ఎప్పుడూ స్వామే. స్కూల్లో నా పక్కన కూర్చునే పిల్ల ఒకరోజు గాబరాగా అడిగింది, “మీ నాయన పలమనేరు పక్క విచారణకు పోయినాడంటనే, ఏం కేసు?” అని. నేను చెప్పింది ఆ పిల్లకు అర్థమైందో లేదో గానీ, మధ్యాహ్నం అన్నం డబ్బాలోంచి ఒక కోడిగుడ్డు తీసి నాకు పెట్టింది. కేసు ఉన్న ఇంటి పిల్లనని జాలిపడినట్టుంది. నేను గుడ్డు తినేశాను.

స్వామి ఒక్కరు, ఊళ్లు ఇరవై. స్వామి రాలేని ఆదివారం ఊళ్లో ప్రార్థన నడిపించేది ఉపదేశి, అంటే మా నాయన. పిల్లలకు జపాలు నేర్పేది, పెళ్లి కాబోయేవాళ్లకు మంచీచెడూ చెప్పేది, స్వామి అందుబాటులో లేకుంటే చచ్చినవాళ్లను సమాధి చేయించేదీ ఆయనే. జీతం గురించి మా అమ్మను అడిగితే కథ వేరేగా ఉంటుంది, ఇప్పుడు వద్దు. వీటన్నిటి మీద ఇంకో పని, ఎవరూ పెట్టమనకుండా నాయన మీద పడ్డది, ఈ కబుర్లు మోయడం.

నేను మూడో తరగతిలో ఉండగా, 1976లో, నెల్లూరు మేత్రాసనం నుంచి మమ్మల్ని విడదీసి కడప మేత్రాసనం చేశారు. మేత్రాసనం అంటే ఒక పెద్దస్వామి కిందుండే విచారణలన్నీ కలిపి. కడప, చిత్తూరు జిల్లాలు రెండూ దాని కిందికి వచ్చాయి. ఆ సంగతి నాయన ఇంటికొచ్చి చెప్తే మా అవ్వ విస్తరి కుడుతూ, “నెల్లూరి పెద్దస్వామి పోయి కడప పెద్దస్వామి వచ్చినాడా? దారేమన్నా తగ్గిందా?” అని అడిగింది. తగ్గిందన్నాడు నాయన. “అయితే మంచిదే” అని మళ్లీ ఈనెపుల్ల చేతిలోకి తీసుకుంది.

ఏటా పాస్క (ఈస్టరు) పండుగకు ముందు మేత్రాణులు, అంటే పెద్దస్వామి, తైలాలు మంత్రిస్తారు, మేత్రాసనంలోని గురువులంతా అక్కడికి పోయి తమతమ గుళ్లకు తెచ్చుకుంటారు. మూడు రకాలు. జ్ఞానస్నానానికి ముందు పూసేది ఒకటి, రోగులకు పూసేది ఒకటి, ఒలీవ నూనెలో పరిమళ ద్రవ్యం కలిపి చేసే అభిషేక తైలం ఒకటి. ఒక ఏడు పక్క విచారణ స్వామి కాలు విరిగి మంచంలో ఉన్నారు. ఆయన వంతు కూడా మా స్వామే కడప నుంచి తెచ్చి, చిన్న సీసాల్లో పోసి నాయన చేతికిచ్చారు. నాయన ఒక సీసా లోపలి జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు. బిరడా సరిగ్గా బిగించలేదో ఏమో, ఇంటికి వచ్చేటప్పటికి చొక్కా ఎడమపక్కంతా ఘుమఘుమలాడుతోంది. అమ్మకు పెద్ద చిక్కొచ్చి పడింది. మంత్రించిన తైలం అంటిన గుడ్డను ఉతికితే ఆ నీళ్లు ఎక్కడ పారబోయాలి? చివరికి స్వామినే అడిగితే, ఎవరూ తొక్కని చోట మట్టిలో పోయమన్నారు. మా కరివేపాకు చెట్టు మొదట్లో పోసింది. ఆ ఏడు మా రసం బాగుందని వచ్చినవాళ్లందరూ అన్నారు. అమ్మ చెట్టు సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు గుండీ కథ.

మాలో పెళ్లి కుదిరితే, అటు పిల్లవాడి విచారణలోనూ ఇటు పిల్ల విచారణలోనూ మూడు ఆదివారాలు పూజలో ప్రకటన చదువుతారు. ఫలానా ఊరు ఫలానావారి కుమారుడికీ, ఫలానా ఊరు ఫలానావారి కుమార్తెకూ వివాహం నిశ్చయమైంది, అడ్డంకి ఏదైనా తెలిసినవారు విచారణ గురువులకు తెలియజేయవలెను, అని. మొదటి ఆదివారం ఆడవాళ్ల వైపు గుసగుసలు. రెండో ఆదివారానికి కట్నం ఎంతో కూడా తెలిసిపోయేది. మూడోసారి చదివాక, అడ్డంకి ఏమీ రాలేదని అక్కడి స్వామి కాగితం మీద రాసి ఇక్కడి స్వామికి పంపాలి. ఆ కాగితం చేతికి రానిదే పెళ్లి జరగదు.

1979లో మా చిన్నత్త పెళ్లి. నాయనకు కడగొట్టు చెల్లెలు. పెళ్లికొడుకుది మొగిలి కనుమకు ఆవల, పలమనేరు దాటాక. మూడో ఆదివారం నాయన స్వయంగా అక్కడికి పోయి, పూజయ్యాక కాగితం తీసుకుని, చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు. అప్పటికి జేబు ఒక్కటే. సోమవారం అమ్మ మైల బట్టలన్నీ మూటగట్టి చాకలికి వేసింది. పెళ్లి బుధవారం.

మంగళవారం సాయంత్రం ఇంటి ముందు పందిట్లో అరటి చెట్లు కడుతున్నారు. స్వామి నడుచుకుంటూ వచ్చారు. ఆయనది కేరళ. మా దగ్గర పదేళ్లున్నా తెలుగులో ఆడా మగా తేడా పట్టుబడలేదు. “ఉపదేశీ, కాగితం వచ్చాడా?” అన్నారు. నాయన నవ్వుతూ ఎదమీద చెయ్యి పెట్టుకున్నాడు. నవ్వు అక్కడే నిలిచిపోయింది. నేను ఆ చెయ్యి చూశాను. ఒట్టి బనీను మీద అటూ ఇటూ తడుముతా ఉంది.

చాకలి ఇంటికి మా అన్న పరిగెత్తాడు. చొక్కా ఆరేసి ఉంది. జేబులో నానిన అటుకుల ముద్ద లాంటిది దొరికింది. దాన్ని ఎండలో పెట్టి విప్పాలని అన్న తంటాలు పడ్డాడు. నీలిసిరా మరక తప్ప అక్షరం లేదు.

“మీరు అబద్ధం ఆడడని నాకు తెలుసు” అన్నారు స్వామి. “కానీ కాగితం లేకుండా నేను రిజిస్టర్లో ఏం రాస్తాడు?” అమ్మ తల పట్టుకుని గడపలో కూర్చుంది. అవ్వ మాత్రం స్వామిని ఏమీ అనలేక, చాకలిని ఏమీ అనలేక, అరటి చెట్లు కట్టేవాళ్లను తిట్టడం మొదలుపెట్టింది.

నాయన సైకిలు తీశాడు. పొద్దు గూకింది. మొగిలి కనుమ ఎక్కినవాళ్లకు తెలుసు, పగలే సైకిలు దిగి తోసుకుంటూ పోవాలి. అప్పట్లో రోడ్డు ఇప్పటంత వెడల్పు కూడా లేదు. ఎదురుగా లారీ వస్తే అంచుకు జరిగి నిలబడాల్సిందే. అర్ధరాత్రి దాటాక అక్కడి స్వామి తలుపు తట్టాడు. ఆయన లాంతరు పట్టుకుని వచ్చి సంగతంతా విని, ముందు బాగా తిట్టి, తర్వాత కాఫీ పెట్టించి, ఆ తర్వాత కాగితం రాశారట. ఆ వరస నాయన ఎప్పుడు చెప్పినా మారేది కాదు. తిట్టు, కాఫీ, కాగితం.

తిరుగు ప్రయాణంలో టమోటా లారీ దొరికింది. సైకిలు గంపల మీద కట్టి, తను డ్రైవరు పక్కన కూర్చున్నాడు. తెల్లవారుజామున పందిరి ముందు లారీ ఆగితే మేమంతా లేచి కూర్చున్నాం. నాయన తలగుడ్డ విప్పి, దాని మడతలోంచి కాగితం తీసి స్వామికి ఇచ్చాడు. ఒక మూల టమోటా రసం అంటుకుని ఉంది. స్వామి దాన్ని వాసన చూసి, “వచ్చాడు” అన్నారు. పది గంటలకు పెళ్లి పూజ జరిగింది. పూజలో నాయన నిలబడి నిద్రపోయాడని మా అత్త ఇప్పటికీ చెప్తుంది.

ఆ తర్వాతి వారమే సాయిబు దగ్గర లోపలి జేబు కుట్టించుకున్నాడు. “జేబు చూసినావా?” అన్నది మా ఇంట్లో సామెత అయిపోయింది. పరీక్షకు పోతుంటే, ప్రయాణానికి బయలుదేరుతుంటే, ఆఖరికి స్వామి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి పోతున్నా అమ్మ అదే అడిగేది.

ఇంత గొడవ ఒక కాగితానికి ఎందుకని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఒకసారి దాని పని కళ్లారా చూశాను. కతోలికుల జ్ఞానస్నానం ఏ విచారణలో జరిగితే అక్కడి పెద్ద పుస్తకంలో రాసి ఉంటుంది. మనిషి ఎక్కడికి పోయి పెళ్లి చేసుకున్నా, పెళ్లి జరిగిన గుడి నుంచి ఆ జ్ఞానస్నానం జరిగిన విచారణకు ఉత్తరం పోవాలి. అక్కడ పాత పుస్తకం తీసి, ఆ పేరు పక్కన అంచులో, ఫలానా తేదీన ఫలానా చోట ఫలానావారితో పెళ్లి అయింది అని రాయాలి. 1907లో రోమా నుంచి వచ్చిన ఆజ్ఞ ఇది, 1908 పాస్క నుంచి అమలు. అందుకే కొత్తగా పెళ్లి కుదిరినప్పుడు పాత జ్ఞానస్నానం పత్రం పనికిరాదు, కొత్తగా రాయించి తేవాలి. అంచులో ఏమన్నా ఉంటే బయటపడుతుంది కదా. మా ఊరి పిల్లకు వేలూరు అవతల నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మంచి ఉద్యోగం, మంచి మాట. రెండు ఆదివారాలు ప్రకటన కూడా అయిపోయింది. ఆలస్యంగా వచ్చిన పత్రం తమిళంలో ఉంటే సిస్టరమ్మ చదివి పెట్టింది. అంచులో ఆరేళ్ల కిందటి పెళ్లి ఉంది. ఆ రాత్రి నాయన ఆ ఇంటికి పోయి చాలాసేపు కూర్చుని వచ్చాడు. ఏం మాట్లాడాడో ఇంట్లో చెప్పలేదు. రెండు నెలల తర్వాత ఆ పిల్ల తల్లి మా ఇంటికి ఒక పెట్టను పంపింది. అమ్మ దాన్ని కోయనివ్వలేదు, చాలా ఏళ్లు గుడ్లు పెట్టింది.

అన్నీ ఇట్లాంటి గంభీరమైన కబుర్లే అనుకునేరు. హార్మోనియం సంగతి చెప్పాలి.

మూడు విచారణలకు కలిపి ఒకే హార్మోనియం ఉండేది. అసలు ఎవరిదో ఎవరికీ తెలియదు. మావాళ్లు మాదేనంటారు, పలమనేరు పక్కవాళ్లు వాళ్లదేనంటారు. మా గుడి పండుగ మే నెలలో. పండుగకు ముందు తొమ్మిది రోజులు నవదిన ప్రార్థనలు. ఒక్కో రోజు ఒక్కో ఊరివాళ్లదో, పక్క విచారణవాళ్లదో వంతు. ఆ రోజు పూజ, ప్రసంగం, పాటలు, తర్వాత వచ్చినవాళ్లకు పెట్టే ఫలహారం, అన్నీ వాళ్లవే. వాళ్ల పండుగకు మనం పోయి చేసి రావాలి. పైకి భక్తే గానీ, లోపల పోటీ మామూలుగా ఉండేది కాదు. ఒక విచారణవాళ్లు బొరుగులు, చెనిగింజలు పెడితే, మర్నాడు ఇంకొకరు చిత్రాన్నం పెట్టేవాళ్లు. ఆ పైరోజు మూడోవాళ్లు నిప్పట్లు తెచ్చేవాళ్లు. పిల్లలం తొమ్మిది రోజులూ భక్తిగా హాజరయ్యేవాళ్లం.

హార్మోనియం ఎర్రబస్సులో వచ్చేది. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాలంటాడు, మావాళ్లు దేవుడి పెట్టె అంటారు. “దేవుడి పెట్టె అయితే పైన వెయ్యండి, దేవుడికి దగ్గరగా ఉంటుంది” అన్నాడు ఒక కండక్టరు. టాపు మీద వేశారు. ఎండకు తిత్తి పగిలింది. చెప్పులు కుట్టే ఆయన తోలు ముక్క అతికి ఇచ్చాడు. అప్పటి నుంచి నడిమి స్థాయిలో ఒక మెట్టు పలకడం మానేసింది. నొక్కితే ఉస్సుమని గాలి. మా మూడు విచారణల పాటగాళ్లందరికీ ఆ స్వరం దగ్గర గొంతు పెంచి లోటు పూడ్చడం అలవాటైపోయింది. పెళ్లయి తిరుపతి వచ్చాక ఇక్కడి గుడిలో మంచి కీబోర్డు పక్కన నిలబడి పాడుతూ అదే చోట గొంతెత్తితే అందరూ తిరిగి నావైపు చూశారు. కొత్త కోడలికి ఒంట్లో బాగాలేదనుకున్నారు మా అత్తగారు.

చావు కబురైతే గంట చెప్పేది. రోజూ మూడు పూటలా త్రికాల జపానికి కొట్టే గంట వేరు, ఇది వేరు. ఒక్కో దెబ్బకూ నడుమ చాలా ఎడం ఉండేది. పొలంలో ఉన్నవాళ్లు కొడవలి ఆపి వినేవాళ్లు. గాలి అటు తిరిగి ఉంటే పక్క ఊరికీ వినపడేది. వినపడకపోతే సైకిలు ఉండనే ఉంది.

నాయనకు ఒక రేడియో ఉండేది. మనీలా నుంచి రేడియో వెరితాస్ తెలుగు ప్రసారం పొట్టి తరంగాల్లో గరగరమంటూ వచ్చేది. ఫిలిప్పీన్సు వానల సంగతి తెలిసేది గానీ, మొగిలి కనుమ అవతల ఎవరు పోయారో అది చెప్పదు కదా. “లోకం కబురు దీంట్లో, ఊరి కబురు దీంట్లో” అని రేడియో మీద ఒక తట్టు, చంక కింద ఒక తట్టు తట్టేవాడు.

1986లో రెండో జాన్‌పాల్ పోపుగారు మన దేశానికి వచ్చారు. ఫిబ్రవరి 5న మద్రాసులో. మూడు విచారణలకు కలిపి ఒక బస్సు. సీట్ల కోసం జరిగిన తగాదా ముందు హార్మోనియం తగాదా ఎంత. ఎవరి విచారణకు ఎన్ని సీట్లు అన్న లెక్క నాయన జేబులో నాలుగు రోజులు అటూ ఇటూ తిరిగింది. నాకు చివరి వరసలో, డబ్బాల మీద చోటు దొరికింది. మద్రాసులో ఆ జనంలో మాకు కనపడింది దూరంగా ఒక తెల్లటి చుక్క. ఇంటికొచ్చాక అవ్వ అడిగింది, “కనపడ్నాడా?” అని. “తెల్లగా ఉండాడవ్వా” అన్నాను. “ఇంకేమంటే ఇంకేం కావాల” అంది. నన్ను మద్రాసు దాకా పంపి తెప్పించుకున్న కబురు అంతే అయినా ఆమెకు చాలింది.

వేలూరు ఉత్తరాల సంగతి చెప్పకుంటే అమ్మ ఊరుకోదు. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. అక్కడి సీఎంసీ ఆసుపత్రికి రాయలసీమ అంతటా నుంచి రోగులు పోతారు. రాయచోటి పక్క నుంచో కడప పక్క నుంచో బయలుదేరినవాళ్లకు దారిలో మా గుళ్లే సత్రాలు. ‘ఈ ఉత్తరం తెచ్చినవారు మా విచారణ వారు, వీరికి వేలూరులో ఎవరూ తెలియదు, తోచిన సాయం చేయగలరు’ అని వాళ్ల స్వామి రాసిన నాలుగు వాక్యాలు చేత్తో పట్టుకుని వచ్చేవాళ్లు. మా స్వామి దాని కిందే రెండు ముక్కలు రాసి వేలూరు గుడికి పంపేవారు. అక్కడ తమిళం తెలిసిన మనిషి ఎవరో ఒకరు తోడు దొరికేవాళ్లు. ఒక్కో ఉత్తరం మీద నాలుగు విచారణల చేతిరాతలుండేవి. చదివితే ఆ మనిషి ఏ దారిన వచ్చాడో తెలిసిపోయేది.

రాత్రి బస్సుకు దిగినవాళ్లు మా వసారాలోనే పడుకునేవాళ్లు. అమ్మ ఎంత మంది వచ్చినా విసుక్కోకుండా సంగటి కెలికి, ఊరిబిండి నూరేది. తర్వాత మాత్రం నాయన మీద విసుక్కునేది, అది వేరే. ఒకావిడ బిడ్డను చంకనేసుకుని వచ్చింది, పొట్ట ఉబ్బి ఉంది పిల్లవాడికి. నెల తర్వాత తిరుగు దారిలో మళ్లీ మా ఇంట్లో ఆగింది, బిడ్డ లేడు. అమ్మ ఆమెకు అన్నం పెట్టింది, తల దువ్వింది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. తెల్లారి ఆమె పోయాక నాయన లోపలి జేబు గుండీ తీసి ఒక కార్డు రాశాడు, ఆమె కంటే ముందు ఆ కబురు ఆమె ఊరికి చేరాలని. గుమ్మంలో అడుగుపెట్టగానే అందరూ బిడ్డేడని అడిగితే ఆమె చెప్పుకోలేదు కదా అన్నాడు.

2004 డిసెంబరు 26. ఆదివారం. క్రిస్మస్ మర్నాడు. నేను పిల్లలతో పుట్టింట్లో ఉన్నాను. చిన్నత్తా, మామా వాళ్ల విచారణవాళ్లతో కలిసి పద్నాలుగు మంది వ్యాను కట్టుకుని వేళాంగణ్ణి పోయారు, మొక్కుబడి ఉంటే. పూజయ్యి బయటికొచ్చి టీ అంగడి దగ్గర టీవీ చూసినవాళ్లు చెప్పేదాకా మాకు ఉప్పెన సంగతి తెలియదు. వేళాంగణ్ణి పేరు వినగానే నాయన మొహం నాకు 1979లో పందిట్లో చూసిన మొహం లాగే కనపడింది. చెయ్యి ఎదమీదికి పోయింది.

మామ సెల్లు మోగలేదు. నాయనకు అప్పటికే డెబ్బై దాటాయి. నన్ను వెంటబెట్టుకుని చిత్తూరు పోయి అక్కడి స్వామిని కలిశాడు. ఆయన వేలూరులో తెలిసినవారికి ఫోను చేశారు. వేలూరువాళ్లు తంజావూరు మేత్రాసనంలో తెలిసినవారికి చేశారు, వేళాంగణ్ణి వాళ్ల కిందే. అటువైపు లైన్లు దొరకడం లేదు. స్వామి ఒక తెల్లకాగితం మీద పద్నాలుగు పేర్లూ రాసి పెట్టుకున్నారు. మేం గుడి వరండాలో కూర్చున్నాం. రాత్రి అయింది. సిస్టర్లు ఉప్మా తెచ్చి పెట్టారు. నాయన తినలేదు. జపమాల కూడా తీయలేదు. లోపలి జేబు గుండీ పెడుతూ, తీస్తూ కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కబురు అదే దారిలో వెనక్కి వచ్చింది. తంజావూరు నుంచి వేలూరు, వేలూరు నుంచి చిత్తూరు. మావాళ్లు ఆదివారం చీకటితోనే వేళాంగణ్ణి వదిలి, పూండి మాత గుడికి బయలుదేరారు. నీళ్లు వచ్చేటప్పటికి తంజావూరు పక్కన ఎక్కడో టిఫిను తింటున్నారట. పద్నాలుగు పేర్ల పక్కనా స్వామి టిక్కులు పెట్టారు. పెట్టి, కాగితం నాయనకు ఇవ్వకుండా కాసేపు చేతిలోనే ఉంచుకున్నారు. కింద ఇంకో పేరు రాసి ఉంది. అది మా విచారణ కాదు, అత్తవాళ్ల విచారణ కూడా కాదు. మూడోది. ఆ ఇంట్లో ఫోను లేదు.

“ఎవరినన్నా పంపిస్తాలే ఉపదేశీ, నువ్వు పెద్దవాడివి” అన్నారు స్వామి.

“ఆ ఇంటోళ్లు నాకు తెలుసు స్వామీ. ఆ పిల్లోడి పెళ్లి చీటీ నేనే తెచ్చినా” అన్నాడు నాయన. కాగితం మడిచి లోపల పెట్టుకుని గుండీ పెట్టాడు. నేనూ పోయాను వెంట, ఆటోలో. ఆ ఇంటి సంగతి రాయను.

నాయన 2013లో పోయాడు. అప్పటికి అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఎవరూ సైకిలు తొక్కాల్సిన పని లేకపోయింది. అయినా మూడు గుళ్లలోనూ గంట కొట్టారు. హార్మోనియం అప్పటికే చెడిపోయి ఎవరి అటకమీదో ఉంది. ఆ రోజు మాత్రం అది మాదేనని ఎవరూ అనలేదు, మీదే తీసుకోండి అంటే మీదే తీసుకోండి అనుకున్నారు.

ఇప్పుడు మా తిరుపతి గుడి కబుర్లన్నీ ఫోన్లోనే వస్తాయి. పూజవేళలు, రక్తం కావాలన్న పిలుపులు, చావులు, పుట్టినరోజులు, వాటి నడుమ గుడ్ మార్నింగ్ గులాబీలు. 2020లో గుళ్లు మూసేసినప్పుడు పూజ కూడా ఫోన్లోనే చూశాం. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది. మా పుట్టింటిది చిత్తూరు జిల్లా, నాది తిరుపతి జిల్లా అయినా, విచారణలు రెండూ కడప కిందే. ఈ కొత్త జిల్లాలో కలిసిన సూళ్లూరుపేట పక్క గుళ్లేమో నెల్లూరు కింద. అవ్వ ఉంటే దారేమన్నా తగ్గిందా అని అడిగేది.

పోయిన ఏడు మా పెద్దమ్మాయి పెళ్లి తిరుపతిలో చేశాం. అది నా తొలికాన్పు బిడ్డ. తొలికాన్పు పుట్టింట్లోనే కదా, జ్ఞానస్నానం కూడా అక్కడే అయింది, పేరు ఆ పుస్తకంలోనే ఉంది. పెళ్లయ్యాక ఇక్కడి స్వామి అన్నారు, “అమ్మా, మీ ఊరి విచారణకు ఉత్తరం మెయిల్లో పంపేస్తాం, వాళ్లు రాసుకుంటారు” అని. “నాకిచ్చేయండి స్వామీ, నేనే ఇస్తా” అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోటికి వచ్చేసింది.

అక్కడిప్పుడు కొత్త స్వామి, మా అబ్బాయి వయసు. స్తోత్రం చెప్పి కవరు ఇచ్చాను. బీరువాలోంచి పుస్తకం తీశారు. అట్ట ఊడివస్తోంది, గుడ్డతో కట్టి ఉంచారు. పేజీలు తిప్పుతుంటే మా అన్న పేరు, నా పేరు, అంచుల్లో మా పెళ్లిళ్లు. చిన్నత్త పేరు పాత పుస్తకంలో ఉంటుంది, అడిగి అదీ తీయించి చూశాను. పక్కన కేరళ స్వామి చేతిరాత, గుండ్రంగా. ఆయన రాతలో తప్పుల్లేవు, మాటలోనే. మా అమ్మాయి పేరు పక్కన కొత్త స్వామి బాల్‌పాయింటు పెన్నుతో రాస్తుంటే, చోటు చాలక చివరి మాట కిందికి వంగింది.

లేచి వస్తుంటే పిలిచారు. “తిరుపతికే కదమ్మా పోయేది? ఇక్కడొక పత్రం ఉంది, అక్కడి స్వామికి చేరాల. పిల్లోడి పెళ్లి మళ్లా వారమే. మెయిలు పంపినాము గానీ సంతకమున్న కాగితమే కావాలంటా ఉండారు.”

తీసుకున్నాను. హ్యాండ్‌బ్యాగులో పెట్టాను, తీశాను, జిప్పు ఉన్న అరలో పెట్టాను. బస్సులో కూర్చున్నాక మళ్లీ తీసి జాకెట్టులోపల పెట్టుకున్నాను. చంద్రగిరి దాటేలోపు నాలుగుసార్లు తడిమి చూసుకున్నాను. పక్కసీటావిడ నన్ను అనుమానంగా చూసి, తన బ్యాగు అటువైపు జరుపుకుంది.